జీర్ణాశయ శోథము

మాంసపు ముక్క నొకదానిని జీర్ణాశయ రసములో వేసి, శరీరమునకుండు వెచ్చదనములో కొన్ని గంటలుంచినచో అది మెత్తబడి, కరగి, రూపు లేకుండ పోవును. అయితే ఆ రసము పుట్టునది, నిలుచునది మాంసముతోనే నిర్మితమైన ఒక సంచిలో. మేకమాంసమును కరగించు రసము ఆ సంచి గోడను మాత్రమేల కరగించదు? ఈ ప్రశ్న చాల కాలము శరీరశాస్త్రజ్ఞులను వేధించినది. దీనికి సమాధానము తెలిసినచో జీర్ణాశయ శోథమనగా నేమో సగము తెలిసినట్లే. ఆ గోడకు సహజముగా నున్న రక్షణ సడలినపుడు కలుగు వ్యాధియే ఇది. వైద్యులు దీనిని గాస్ట్రైటిస్ అందురు.

ఆరోగ్యవంతుని జీర్ణాశయము దినమునకు సుమారు రెండు లీటర్ల రసమును స్రవించును. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఉదజహరికామ్లము, అనగా పాఠశాల ప్రయోగశాలలో గాజు సీసాలో కనిపించు హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. జీర్ణాశయ రసములోని ఆమ్లము ఇదేనని 1824లో ఇంగ్లండులో విలియం ప్రౌట్ ప్రకటించెను. రెండవది పెప్సిన్ అను ఎంజైము. దానిని 1836లో జర్మనీకి చెందిన థియోడర్ ష్వాన్ గుర్తించి, ఆ పేరు పెట్టెను. ఆమ్లము మాంసకృత్తుల ముడులను విప్పును. పెప్సిన్ వానిని తుంచును. భోజనము లేని వేళ ఈ రసపు పి.హెచ్. విలువ 1, 2 అంకెల ప్రాంతములో నుండును. 7 అనునది ఆమ్లమును గాని క్షారమును గాని కాని తటస్థ స్థితి. ఒక్కొక్క అంకె దిగినకొలది ఆమ్లత పదింతలగును. కాబట్టి 2 వద్దనున్న రసములో 7 వద్దనున్న శుద్ధజలములో కంటె లక్ష రెట్లు ఆమ్లత యున్నదన్నమాట.

ఇంతటి ఘాటైన రసమునకు ఎదురుగా నున్నది ఒక పలుచని జిగురు పొర. దాని మందము ఒక మిల్లీమీటరు కూడ నుండదు. గోడ లోపలి కణములు ఈ జిగురును నిరంతరము స్రవించుచుండును. అంతేకాదు, దానిలోనికి బైకార్బొనేటు అను క్షార పదార్థమును కూడ పంపుచుండును. పైనుండి ఆమ్లము జిగురులోనికి దిగుచుండగా క్రిందనుండి క్షారము ఎదురేగి దానిని చంపివేయును. అందువలన జిగురుకు పైవైపున పి.హెచ్. 2 ఉన్నను, క్రింద కణముల దగ్గర అది 7కు సమీపముగా నుండును. లక్ష రెట్ల తేడాను మిల్లీమీటరు కంటె తక్కువ మందము గల పొర నిలుపుచున్నదనిన ఆశ్చర్యము గాదా! ఇంత చేసినను కొన్ని కణములు దెబ్బతినక మానవు. వాని స్థానములో క్రొత్తవి పుట్టుచుండును. నాలుగైదు దినములలో పైవరుస అంతయు మారిపోవును. ఇంటి గోడకు ప్రతివారము వెల్ల వేసినట్లు జీర్ణాశయము తన గోడను తానే సరిచేసికొనుచుండును.

ఈ పనులన్నిటికి ఆజ్ఞ ఇచ్చు పదార్థములు కొన్ని ఆ గోడలోనే తయారగుచున్నవి. వానికి ప్రోస్టాగ్లాండిన్లని పేరు. జిగురు, బైకార్బొనేటు తగినంత స్రవించుట, గోడకు రక్తము సమృద్ధిగా ప్రవహించుట, ఇవన్నియు వానిపై ఆధారపడి యున్నవి. ఈ పేరును జ్ఞాపకముంచుకొనవలెను; ముందు దీనితో పనియున్నది.

ఏ కారణముచేతనైనను రక్షణ పొర చెడినపుడు ఆమ్లము కణములను తాకును. లేదా సూక్ష్మజీవులు గోడను బాధించును. అప్పుడు రక్తనాళములు ఉబ్బి, తెల్ల రక్తకణములు ఆ చోటికి గుంపుగా చేరి, లోపొర ఎఱ్ఱబడి వాచును. చర్మముపై కురుపు లేచినపుడు జరుగునది కూడ ఇటువంటిదే. ఈ వాపునే శోథమందురు. కొన్ని దినములలో వచ్చి పోవునది తీవ్ర శోథము; ఏండ్ల తరబడి నిలుచునది దీర్ఘకాల శోథము. పైపొర అక్కడక్కడ చెదరి చిన్న చిన్న ఒరపుళ్లు ఏర్పడవచ్చును. ఆ ఒరపుడు లోతుగా దిగి గుంటపడిన దానినే పుండు లేక అల్సర్ అందురు. శోథమున్న ప్రతివానికి పుండు ఉండదు.

ఇక్కడ ఒక చిక్కున్నది. ఊరిలో ఎవరికి పొట్ట ఉబ్బినను, త్రేనుపు వచ్చినను, గుండెలలో మండినను 'గ్యాస్టిక్' అని పేరు పెట్టుట పరిపాటియైనది. ప్రాచీన వైద్యులు పుల్లని త్రేనుపులు, గుండెమంట, వికారము గల బాధను ఆమ్లపిత్తమనిరి. మాధవనిదానములో దీనికి ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు. అయితే గ్యాస్టిక్ అన్నను, ఆమ్లపిత్తమన్నను అది రోగి అనుభవించు బాధకు పేరు. శోథమనునది గోడలో కనిపించు మార్పునకు పేరు. ఈ రెండును ఎల్లప్పుడు కలిసియుండవు. బాధ మిక్కుటముగానున్న అనేకుల జీర్ణాశయములోనికి గొట్టము వేసి చూచినచో గోడ చక్కగా గులాబి వన్నెతో నుండును. శోథము ముదిరిన అనేకులకు ఏ బాధయు నుండదు.

ఈ సంగతిని మొట్టమొదట కన్నులార చూచినవాడు అమెరికా సైన్యములో వైద్యుడైన విలియం బోమాంట్. 1822 జూన్ 6వ తేదీన మాకినా ద్వీపములోని ఒక బొచ్చు వ్యాపారపు దుకాణములో పొరపాటున తుపాకి ప్రేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను కెనడా యువకుని ప్రక్క చీలిపోయినది. అతడు బ్రతుకునని ఎవరును తలచలేదు. బ్రతికినాడు, కాని గాయము మానినను జీర్ణాశయములోనికి ఒక రంధ్రము శాశ్వతముగా నిలిచిపోయినది. బోమాంట్ ఆ రంధ్రము ద్వారా పట్టుదారమునకు కట్టిన మాంసపు ముక్కలను లోనికి దింపి, గడియారము చూచుకొనుచు పైకి తీసి పరీక్షించెను. ఆ పరిశీలనలు 1833లో గ్రంథముగా వెలువడినవి. సెయింట్ మార్టిన్ కొన్ని దినములు వరుసగా మద్యము త్రాగినపుడు లోపొర ఎఱ్ఱని మచ్చలతో, చిన్న చిన్న పుండ్లతో నిండిపోవుట బోమాంట్ చూచెను. ఆ సమయములో ఆ యువకుని అడిగినచో నొప్పి లేదనెను. ఆకలి కూడ తగ్గలేదు. ఇతరుల విజ్ఞానము కొరకు ఇన్ని సంవత్సరములు తన పొట్టను తెరచి ఉంచిన ఆ పడవకూలి పేరు వైద్యుని పేరుతో పాటు తలచుకొనుట న్యాయము.

ఇక బాధ ఉన్నపుడు అది ఎట్లుండును? బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు దిగువ నున్న గుంటలో మంట గాని నొప్పి గాని కలుగును. కొందరికి ఇది భోజనముతో హెచ్చును, కొందరికి తగ్గును. వికారము, వాంతి, ఆకలి మందగించుట, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్లుండుట, పైపొట్ట ఉబ్బరించుట సామాన్యముగా కనిపించు లక్షణములు. ఇవి అన్నియు అజీర్ణములోను కనిపించును. పిత్తాశయములో రాళ్లున్నను కనిపించవచ్చును. కాబట్టి లక్షణములు మాత్రమే చూచి శోథమని నిశ్చయించుటకు వీలులేదు.

అన్నిటికంటె ప్రమాదకరమైన పొరపాటు వేరొకటి ఉన్నది. గుండెకు రక్తము చాలక వచ్చు నొప్పి కొందరిలో పైపొట్టలోనే తెలియును, వికారముతో చెమటతో కూడ వచ్చును. దానిని 'గ్యాస్' అనుకొని, సోడా త్రాగి, తెల్లవారిన తరువాత చూచుకొందమని పడుకొనినవారి కథలు ప్రతి ఊరిలోను వినవచ్చును. మధుమేహమున్నవారిలోను, స్త్రీలలోను, వృద్ధులలోను ఇటువంటి అసాధారణపు గుండెనొప్పి ఎక్కువ. నొప్పి ఆకస్మికముగా వచ్చి, చెమటలు పట్టి, ఆయాసము కలిగినను, నొప్పి దవడకో చేతికో ప్రాకినను, అది కడుపుదే అని తేల్చుకొను పని ఇంట్లోవారిది కాదు. వెంటనే ఆసుపత్రికి పోయి గుండె పరీక్ష చేయించుకొనవలెను.

శోథములోనే భయపడవలసిన గుర్తులు కొన్ని కలవు. మలము తారు వలె నల్లగా, జిగటగా, దుర్గంధముతో వచ్చినచో లోపల రక్తము కారుచున్నదని అర్థము. రక్తములోని ఎఱ్ఱని పదార్థము ఆమ్లములోను ప్రేగులలోను మారి ఆ నలుపు వచ్చును. వాంతిలో ఎఱ్ఱని రక్తమైనను, కాఫీపొడి వంటి నల్లని నలుసులైనను పడుట కూడ అట్టిదే. కారణము లేకుండ బరువు తగ్గుట, మ్రింగుటకు కష్టమగుట, రక్తహీనతచే పాలిపోవుట, నడివయస్సు దాటిన తరువాత మొదటిసారిగా అజీర్ణము మొదలగుట, వీనిలో ఏది కనిపించినను మందుల దుకాణమువద్ద ఆగక డాక్టరు వద్దకు పోవలెను. ఇనుము మాత్రలు వేసికొనువారికి కూడ మలము నల్లబడును; అందుకు బెదరనక్కరలేదు, కాని ఆ సంగతి డాక్టరుకు చెప్పవలెను.

రక్షణ పొరను చెరచు కారణములలో నేడు ప్రతి ఇంటిలో దొరకునది నొప్పి మాత్ర. ఆస్పిరిన్ 1899లో బజారుకు వచ్చినది. అది నొప్పి నెట్లు తగ్గించునో మాత్రము డెబ్బది సంవత్సరముల వరకు ఎవరికిని తెలియలేదు. 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ ఆ రహస్యము విప్పెను. నొప్పిని, వాపును పుట్టించు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆస్పిరిన్ ఆపివేయునని ఆయన చూపెను. ఈ కృషికి 1982లో ఆయనకు బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్సన్ అను స్వీడను శాస్త్రజ్ఞులతో కలిపి నోబెల్ బహుమతి లభించినది. మోకాలిలో ప్రోస్టాగ్లాండిన్లు నొప్పిని కలిగించును. జీర్ణాశయములో అవే గోడను కాపాడును. మ్రింగిన మాత్రకు మోకాలేదో కడుపేదో తెలియదు గదా! రెండు చోట్లను వాని నాపివేయును. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మొదలగు నొప్పిమందుల సంగతియు నిదే.

ఈ వివరము తెలిసినచో ఒక అపోహ తొలగును. మాత్ర కడుపును చెరచును గనుక ఇంజెక్షను మేలని అనేకుల నమ్మకము. మాత్ర గోడను నేరుగా తాకి కొంత బాధించునను మాట నిజమే. కాని ప్రోస్టాగ్లాండిన్ల కొరత రక్తము ద్వారా కలుగునది. మందు సూదితో ఎక్కించినను, పైన పూతపూసిన మాత్రగా ఇచ్చినను అది రక్తములో చేరక తప్పదు. కూలిపనిచే నడుము నొచ్చి వారమునకు రెండు మూడు సూదులు వేయించుకొనువారు కడుపులో మంటకు కారణము కారమని తలచి కారము మానివేయుదురు, సూదులు మానరు. సామాన్యమైన నొప్పులకు, జ్వరమునకు పారాసిటమాల్ జీర్ణాశయమునకు అంత హాని చేయదు. అయితే గుండెజబ్బుకై డాక్టరు చిన్న మోతాదులో ఇచ్చిన ఆస్పిరిన్‌ను రోగి తనంతట తాను మానరాదు. అట్టివారికి కడుపును కాపాడు మందు జోడించి ఇచ్చుట పద్ధతి.

మద్యము నేరుగా పొరను కాల్చును. పొగ, బీడి గాని చుట్ట గాని, పుండు మానుటను ఆలస్యము చేయును. పెద్ద కాలినగాయములు, తీవ్రమైన శస్త్రచికిత్స, ఒడలంతయు విషమించు జ్వరములు గోడకు రక్తము అందకుండ చేసి కొన్ని గంటలలోనే శోథమును తెచ్చును. మనోవ్యాకులత మాట వేరు. దిగులు బాధను ఎక్కువగా తెలియజేయునే గాని, అదొక్కటే లోపొరను వాచజేయునని చెప్పుటకు తగిన ఆధారము లేదు.

మిరపకాయపై తెలుగువారికి ఒకవైపు ప్రేమ, ఒకవైపు అనుమానము. కారములోని కాప్సైసిన్ నాలుక మీదను, కడుపులోను వేడిని గ్రహించు నరముల చివరలను తట్టి లేపును. అందువలన మంట తెలియును. మంట తెలియుట వేరు, గోడ కాలుట వేరు. 1984లో ఢిల్లీ వైద్యులు ఆంత్రమూలములో పుండు గల రోగులలో కొందరికి మందుతోపాటు దినమునకు 3 గ్రాముల ఎఱ్ఱ కారపుపొడి ఇచ్చి, తక్కినవారితో పోల్చి చూచిరి. పుండు మానుటలో తేడా కనిపించలేదు. కాబట్టి గుంటూరు మిరపను దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. అయినను ఏది తిన్నచో ఎవరికి బాధ హెచ్చునో వారు దానిని తగ్గించుకొనుట మంచిది. అందుకు శాస్త్రము అడ్డు చెప్పదు.

ఇన్ని కారణములు చెప్పినను ప్రపంచములో దీర్ఘకాల శోథమునకు మూలమైనది వీనిలో ఏదియు కాదు. అది ఒక సూక్ష్మజీవి. దీనిని గుర్తించిన విధము చదువదగినది. అంత ఆమ్లములో ఏ బాక్టీరియాయు బ్రతకలేదని వైద్యగ్రంథములన్నియు ఇరువదవ శతాబ్దములో చాల భాగము ఏకగ్రీవముగా చెప్పినవి. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో రాబిన్ వారెన్ అను రోగనిర్ణయ శాస్త్రజ్ఞుడు రోగుల జీర్ణాశయము నుండి తీసిన తునకలను సూక్ష్మదర్శినితో చూచుచు, జిగురు పొర క్రింద వంకర తిరిగిన బాక్టీరియాలను గమనించెను. శోథమున్న చోటనే అవి ఉండెను. 1981లో బారీ మార్షల్ అను యువ వైద్యుడు ఆయనతో చేరెను. ఇద్దరును ఆ జీవిని ప్రయోగశాలలో పెంచ ప్రయత్నించిరి. మామూలు పద్ధతి ప్రకారము రెండు దినములు చూచి, ఏమియు పెరుగలేదని పళ్ళెములను పారవేయుచుండిరి. 1982లో ఈస్టరు సెలవులు వచ్చి పళ్ళెములు పెట్టెలో అయిదారు రోజులు ఉండిపోయినవి. తెరచి చూడగా బాక్టీరియా పెరిగియున్నది! అది నిదానముగా పెరుగు జాతియట. రెండు రోజులు దానికి చాలలేదు.

అయినను ఇది రోగకారణమా, లేక రోగము వచ్చిన తరువాత చేరిన అతిథియా అను సంశయము తీరలేదు. మార్షల్ 1984లో ముందుగా తన కడుపును పరీక్ష చేయించుకొని, గోడ ఆరోగ్యముగా నున్నదని నిర్ధారించుకొని, ఆ బాక్టీరియాలు గల ద్రవమును తానే త్రాగెను. కొన్ని దినములలోనే వికారము, వాంతులు, నోటి దుర్వాసన మొదలైనవి. మరల గొట్టము వేసి చూడగా లోపొర వాచి యుండెను, అందులో ఆ సూక్ష్మజీవులు నిండి యుండెను. ఈ పరిశోధనకు ఇద్దరికిని 2005లో నోబెల్ బహుమతి వచ్చినది. మార్షల్ చేసినది ఇతరులు అనుకరింపదగిన పనికాదు. కాని ఒక సూక్ష్మజీవి రోగమునకు కారణమని చెప్పుటకు రాబర్ట్ కాక్ విధించిన నియమములు ఏవో విద్యార్థులకు వివరింప దలచిన ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఈ జీవికి 1989 నుండి హెలికోబాక్టర్ పైలోరి అను పేరు స్థిరపడినది. ఇది ఆమ్లములో బ్రతుకు ఉపాయము మిక్కిలి తెలివైనది. యూరియేజ్ అను ఎంజైము దీనివద్ద విస్తారముగా నున్నది. జీర్ణాశయ రసములో సహజముగా నుండు యూరియాను అది విడగొట్టి అమ్మోనియాను పుట్టించును. అమ్మోనియా క్షారము గనుక చుట్టునున్న ఆమ్లమును చంపివేయును. ఆ కొద్దిపాటి తటస్థ ప్రదేశమును గొడుగువలె తనతో తీసికొనిపోవుచు, తోకల వంటి కశాభములతో ఈదుచు, జిగురులోనికి చొచ్చి కణముల దగ్గర స్థావర మేర్పరచుకొనును. ప్రపంచములోని ప్రజలలో ఇంచుమించు సగము మందిలో ఇది నివసించుచున్నదని అంచనా. సాధారణముగా బాల్యములోనే, ఇంటిలోనివారి నుండి, కలుషితమైన నీటి వలన లేక ఎంగిలి వలన అంటుకొనును. అంటిన ప్రతివారికి కొంత శోథముండును. అయినను ఎక్కువమందికి జీవితాంతము ఏ బాధయు కలుగదు. కొందరికి పుండ్లు వచ్చును. అతి కొద్దిమందిలో ఏండ్ల తరబడి శోథము సాగి, గోడ పలుచబడి, కణముల స్వభావము మారి, చివరకు కాన్సరునకు దారి తీయును. 1994లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ ఈ బాక్టీరియాను కాన్సరు కారకముల మొదటి వర్గములో చేర్చినది. మంటకు మందు వేసికొని ఊరకుండుటకును, కారణమును తొలగించుకొనుటకును గల భేదము ఇక్కడ తెలియుచున్నది.

అరుదుగా కనిపించు మరియొక విధము కలదు. శరీరరక్షణకై యున్న వ్యవస్థయే పొరబడి ఆమ్లమును తయారు చేయు కణములపై దాడి చేయును. వీరిలో ఆమ్లము హెచ్చు కాదు, లోపించును. విటమిన్ బి-12ను ప్రేగులు గ్రహించుటకు కావలసిన పదార్థమును కూడ ఆ కణములే ఇచ్చును. అది లేక రక్తహీనత, కాళ్ళు చేతుల తిమ్మిరి కలుగును. ఇట్టివారికి ఆమ్లమును తగ్గించు మందుతో పనిలేదు, బి-12 ఇవ్వవలెను.

రోగనిర్ణయమునకు ముఖ్య సాధనము ఎండోస్కోపు. సన్నని, వంగెడు గొట్టమును నోటిద్వారా పంపి, దాని చివరనున్న దీపము, కెమెరాల సాయముతో గోడను చూతురు. వలసిన చోట గోరుచివర అంత కూడ లేని తునకను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. అందరికి ఇది అవసరము లేదు. పైన చెప్పిన భయపు గుర్తులున్నవారికి మాత్రము తప్పనిసరి. బాక్టీరియా ఉన్నదో లేదో తెలిసికొనుటకు గొట్టము లేని పరీక్షలు కూడ కలవు. వానిలో ఊపిరి పరీక్ష చమత్కారమైనది. గుర్తుపెట్టిన కర్బనము గల యూరియాను రోగిచేత త్రాగింతురు. బాక్టీరియా ఉన్నచో దాని యూరియేజ్ ఆ యూరియాను విడగొట్టును. గుర్తు గల కర్బన ద్వ్యామ్లజము, అనగా కార్బన్ డయాక్సైడు, రక్తములో చేరి ఊపిరితో వెలువడును. లేనిచో వెలువడదు. శత్రువు తన ఆయుధముచేతనే పట్టుబడుచున్నాడు! మలమును పరీక్షించియు తెలిసికొనవచ్చును. రక్త పరీక్షలో మాత్రము ఎన్నడో పోయిన బాక్టీరియా గుర్తులు కూడ కనిపించును గనుక దానిపై అంతగా ఆధారపడరాదు.

చికిత్సలో మొదటిది బాధను తగ్గించుట. వంటసోడా ఇందుకు పూర్వమునుండి వాడుకలో నున్నది. అది ఆమ్లముతో కలిసి ఉప్పు, నీరు, కార్బన్ డయాక్సైడు వాయువు నిచ్చును. ఆ వాయువే పెద్ద త్రేనుపుగా వచ్చి, లోపలి 'గ్యాస్' పోయినదన్న తృప్తి కలిగించును. నిజమునకు ఆ వాయువును పుట్టించినది సోడాయే. అందులోని సోడియము రక్తపుపోటు గలవారికి మంచిది కాదు. మెగ్నీషియం హైడ్రాక్సైడు, అల్యూమినియం హైడ్రాక్సైడు ఇంతకంటె మేలు. మొదటిది విరేచనము చేయును, రెండవది మలబద్ధము చేయును. అందుచే రెంటిని కలిపి అమ్ముదురు. తరగతిలో దీనిని చూపవచ్చును. మందార పూరేకులను వేడినీటిలో నానవేసి ఆ రంగునీటిలో నిమ్మరసము పిండినచో గాఢమైన గులాబిరంగు వచ్చును. ఆమ్లహర మాత్ర నొకదానిని పొడి చేసి కలుపుచు పోయినచో ఆ రంగు మరల మారుట విద్యార్థులు చూడగలరు. అయితే ఈ మందుల ప్రభావము గంటయో రెండు గంటలో మాత్రమే. పాల సంగతియు అంతే. త్రాగిన వెంటనే చల్లగా నుండును గాని, అందులోని మాంసకృత్తులు, కాల్షియము తరువాత ఆమ్లమును మరింత ఊరించును.

పుట్టిన ఆమ్లమును చంపుటకంటె పుట్టకుండ చేయుట మేలు గదా. బ్రిటనులో జేమ్స్ బ్లాక్ బృందము కృషి వలన 1976లో సిమెటిడిన్ అను మందు వచ్చినది. ఆమ్లమును స్రవింపుమని కణమునకు హిస్టమిన్ తెచ్చు సందేశమును అది అడ్డగించును. 1988లో బ్లాకుకు నోబెల్ బహుమతి వచ్చిన సంవత్సరమే ఒమెప్రజోల్ వాడుకలోనికి వచ్చినది. ఇది సందేశమును గాక, ఆమ్లమును బయటికి తోడు పంపునే మూసివేయును. భోజనమునకు అరగంట ముందు దీనిని వేసికొనవలెను; ఆహారము వచ్చినపుడు పనిచేయుటకు సిద్ధమగు పంపులనే అది పట్టుకొనగలదు. భోజనానంతరము మంట పుట్టిన తరువాత మ్రింగువారికి సగము ఫలము పోవును. నాలుగు వారములు, ఎనిమిది వారములని డాక్టరు చెప్పిన గడువు దాటి ఏండ్ల తరబడి ఈ మాత్రలను చిల్లరగా కొని మ్రింగుట మంచి అలవాటు కాదు. బి-12, మెగ్నీషియము శరీరములో తగ్గిపోవు అవకాశమున్నది. లోపల నున్న అసలు రోగము కూడ కప్పబడిపోవచ్చును.

బాక్టీరియా ఉన్నట్లు తేలినచో దానిని నిర్మూలింపవలెను. ఒక్క మందుకు అది లొంగదు. ఒమెప్రజోల్ వంటి దానితో పాటు రెండు ఆంటీబయాటిక్కులను, కొన్ని సందర్భములలో బిస్మత్తును కూడ కలిపి 14 దినములు ఇచ్చుట నేటి పద్ధతి. మెట్రోనిడజోలునకు, క్లారిత్రోమైసినునకు లొంగని రకములు మన దేశములో పెరిగినవి. బిస్మత్తు, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లనిరోధకము, ఈ నాలుగింటి కూర్పునకు నేడు ప్రాధాన్యము వచ్చుటకు ఇది యొక కారణము. టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుండి వెలువడినది. దానిని మట్టిలోని జీవి నుండి కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్. ఆ ప్రయోగశాలలలో పరిశోధనలను నడిపించినవాడు భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పెర్త్‌లో ఆ బాక్టీరియా కనబడుటకు ముప్పది ఏండ్లు ముందే దానిని చంపు మందుల వంశము సిద్ధమై యున్నదన్నమాట.

ఈ రెండు వారములు కొంత కష్టమైనవే. నోరు చేదుగా నుండును. బిస్మత్తు వలన నాలుక, మలము నల్లబడును, రక్తస్రావమని భయపడనక్కరలేదు. టెట్రాసైక్లిన్ పాలతో గాని, కాల్షియము మాత్రలతో గాని కలిపి తీసికొన్నచో ఒంటికి పట్టదు. చిన్నపిల్లలకు, గర్భిణులకు దానిని ఇవ్వరు. మెట్రోనిడజోల్ వాడునపుడు మద్యము పనికిరాదు. నాలుగు రోజులకే మంట తగ్గెనని మాత్రలు మానివేయువారున్నారు. వారి కడుపులో మిగిలిన బాక్టీరియా ఆ మందుకు అలవాటుపడును. తరువాత అదే మందు పనిచేయదు. అటువంటి రకము ఇంటిలోని పిల్లలకు అంటినచో వారికి కూడ ఆ మందు పనిచేయదు.

చికిత్స ముగిసినంత మాత్రమున బాక్టీరియా పోయినట్లు కాదు. నాలుగు వారములైన తరువాత ఊపిరి పరీక్ష గాని మల పరీక్ష గాని మరల చేయించుకొనవలెను. ఆ పరీక్షకు రెండు వారముల ముందునుండి ఒమెప్రజోల్ వంటి మందులను మానవలెను. అవి బాక్టీరియాను అణచియుంచి, ఉన్నదానిని లేనట్లు చూపును. మొదటి పరీక్షకు కూడ ఇదే నియమము. ఈ విషయము తెలియక, ఉదయము మాత్ర వేసికొని పరీక్షకు వెళ్లి, రోగము లేదను కాగితముతో ఇంటికి వచ్చువారు కలరు.